అవతలి గొంతు ఎవరిది?



పొద్దుటి హడావిడి సర్దుమణిగి, మగవాళ్ళు డ్యూటీలకూ పిల్లలు బళ్ళకూ వెళ్ళిపోయి, మనం కాస్త నడుం వాల్చుదామనుకునే వేళకు సరిగ్గా ఫోను మోగుతుంది. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానమ్మా" అంటుంది ఒక గొంతు. "పోలీస్ స్టేషన్ నుంచి" అంటుంది మరో గొంతు. మనిషి కనబడడు, గొంతు మాత్రం వినబడుతుంది. ఆ గొంతు వెనక నిజంగా ఎవరున్నారు? ఇది ఈవేళ కొత్తగా పుట్టిన ప్రశ్న అనుకుంటాం మనం. కాదు. టెలిఫోనుకు ఎంత వయసుందో ఈ ప్రశ్నకూ ఇంచుమించు అంత వయసుంది. ఆ కథ కాస్త వెనకనుంచి చెప్పుకుందాం. కథ తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

సంగారెడ్డి మండలంలో ఇస్మాయిల్‌ఖాన్‌పేట అని ఒక వూరుంది. దుర్గాభవాని అమ్మవారి గుడితో చుట్టుపక్కల పేరున్న వూరు. రెండు తరాల కిందట ఇలాంటి వూళ్ళోకి వార్త రావాలంటే మనిషి రావాలి, లేదా పోస్టుమాను రావాలి. "ఎవరు చెప్పారు?" అని అడిగితే "ఫలానా వారి చిన్నబ్బాయి" అని జవాబుండేది. మాట వెంట మనిషీ, మనిషి వెంట ఇంటిపేరూ వుండేవి. తరువాత రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చింది. 1970ల నుంచి పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు వెలిశాయి. బీహారు నుంచీ ఒడిశా నుంచీ కార్మికులు వచ్చారు. పొలాలు ప్లాట్లయ్యాయి. ఇవాళ ఆ ప్రాంతంలో ఒక ఇల్లాలికి హిందీలో ఫోను రావడం వింత కాదు. పి.ఎఫ్. ఆఫీసు నుంచి రావచ్చు, ఫ్యాక్టరీ నుంచి రావచ్చు, కొరియరు అబ్బాయి చేయవచ్చు. ఏ కొత్త గొంతయినా నిజమైనదే అయ్యే అవకాశం వుంది. మోసగాడికి కావలసిన సందు సరిగ్గా అదే.

గొంతుతో మోసం చేయడం మన పురాణాలు ఎరుగనిది కాదు. మారీచుడు చేసిందేమిటి? రాముడి గొంతుతో "హా సీతా! హా లక్ష్మణా!" అని అరిచాడు. అది అన్నగారి గొంతు కాదు వదినా అని లక్ష్మణుడు చెబుతూనే వున్నాడు. కాని ఆపదలో వున్నది తనవాడు అనుకున్న క్షణంలో సీతమ్మవంటి ఇల్లాలే నిలవలేకపోయింది. ఆ వెంటనే వచ్చిన రెండో మోసగాడు సన్యాసి వేషం వేసుకుని వచ్చాడు. ముందు కంగారు, ఆ వెనక గౌరవించవలసిన వేషం. ఈ రెండు మెట్లూ గుర్తుంచుకోండి. మళ్ళీ మళ్ళీ కనబడతాయి.

ఇక టెలిఫోను సంగతి. అలెగ్జాండర్ గ్రాహంబెల్‌కు దీని పేటెంటు 1876లో వచ్చింది. మన దేశంలో 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో ఎక్స్ఛేంజీలు తెరిచారు. తొలిరోజుల ఫోనులో మధ్యన ఒక మనిషి వుండేది. చాలాచోట్ల ఆ మనిషి ఆడమనిషే. అమెరికాలోని బోస్టన్‌లో 1878లో ఎమ్మా నట్ అనే యువతి మొదటి మహిళా ఆపరేటరుగా చేరింది. మీరు ఫోనెత్తితే ముందు ఆపరేటరు పలికేది, ఎవరు కావాలో అడిగి తీగ కలిపేది. చిన్న వూరయితే ఎవరి గొంతు ఏదో ఆవిడకు కంఠతా వచ్చి వుండేది.

అయితే ఆవిణ్ణి కూడా అనుమానించినవాడు ఒకడున్నాడు! కాన్సాస్ సిటీలో ఆల్మన్ స్ట్రోజర్ అనే ఆయన అంత్యక్రియలు జరిపించే వ్యాపారం చేసేవాడు. అదే వ్యాపారంలో తనకు పోటీగా వున్నవాడి భార్య టెలిఫోను ఆపరేటరనీ, తనకు రావలసిన ఫోన్లను ఆవిడ తన భర్తకే కలుపుతున్నదనీ ఆయనకు అనుమానం వచ్చిందంటారు. ఆ కోపంతో మధ్యన మనిషే అక్కరలేని యంత్రాన్ని కనిపెట్టి 1891లో పేటెంటు పొందాడు. అదే ఆటోమాటిక్ ఎక్స్ఛేంజి. మన దేశంలో మొదటిది 1913-14లో సిమ్లాలో పెట్టారు. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య ఎస్.టి.డి. వచ్చి, దూరపు వూళ్ళకు కూడా ఆపరేటరు సాయం లేకుండానే మాట్లాడే వీలు కలిగింది. సుఖమే, కాదనను. కాని మధ్యన వున్న ఆ ఆడమనిషి లేచిపోవడంతో, ఫోను చేసేది ఎవరో కనిపెట్టే భారమంతా ఎత్తినవాళ్ళ మీద పడింది.

ఆ భారం ఎంత పెద్దదో దేశమంతటికీ తెలిసిన రోజు 1971 మే 24.

ఆ రోజు ఢిల్లీలో పార్లమెంటు స్ట్రీటులోని స్టేట్ బ్యాంకులో హెడ్ క్యాషియరు వేద్ ప్రకాశ్ మల్హోత్రాకు ఫోను వచ్చింది. మాట్లాడుతున్నది ప్రధానమంత్రి కార్యదర్శి పి.ఎన్. హక్సర్ అన్నారు. బంగ్లాదేశ్ వ్యవహారంలో ఒక రహస్యమైన పనికి 60 లక్షల రూపాయలు తక్షణం కావాలన్నారు. మల్హోత్రా తటపటాయిస్తే, ప్రధానమంత్రిగారే మాట్లాడతారు అన్నారు. మరుక్షణం ఇందిరాగాంధీ గొంతు వినిపించింది. కనీసం మల్హోత్రా చెవికి అది ఆవిడ గొంతే. ఆ సంవత్సరం మార్చి నుంచీ తూర్పు బెంగాల్ మండిపోతున్నది, లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి వస్తున్నారు. దేశం కోసం ఏదో రహస్యమైన పని జరుగుతున్నదంటే ఎవరికైనా నమ్మబుద్ధి వేసే రోజులు.

మల్హోత్రా డబ్బును పెట్టెలో పెట్టించి బ్యాంకు కారులో బయలుదేరాడు. చెప్పిన చోట ఒక మనిషి కలిశాడు. గుర్తుమాటలు ముందే చెప్పివున్నారు: అతను "బంగ్లాదేశ్ కా బాబూ" అంటే, ఇతను "బార్ ఎట్ లా" అనాలి. మాటలు కలిశాయి, పెట్టె చేతులు మారింది. రసీదు కోసం ప్రధానమంత్రి ఇంటికి వెళ్ళమని చెప్పి ఆ మనిషి డబ్బుతో వెళ్ళిపోయాడు.

మల్హోత్రా రసీదు కోసం వెళ్ళాడు. ప్రధాని ఇంట్లో లేరు, పార్లమెంటులో వున్నారన్నారు. అక్కడికి వెళ్ళి హక్సర్‌ను కలిశాడు. నేను ఫోను చేయనేలేదే అన్నాడు హక్సర్. అప్పుడుగాని మల్హోత్రాకు కాళ్ళకింద నేల కదలలేదు. పోలీసులు పరుగెత్తారు. ఆ రాత్రికే మనిషి దొరికాడు, దాదాపు డబ్బంతా దొరికింది. అతను రుస్తుం సోహ్రాబ్ నగర్‌వాలా, ఒకప్పుడు సైన్యంలో కెప్టెనుగా పనిచేసినవాడు. నేరం ఒప్పుకున్నాడు. మూడంటే మూడు రోజుల్లో నాలుగేళ్ళ జైలుశిక్ష పడింది. తరువాత మాట మార్చి మళ్ళీ విచారణ కోరాడు. 1972 మార్చిలో, ఖైదీగా వుండగానే చనిపోయాడు.

అంత తొందరగా విచారణ ముగియడం, అంత పెద్ద డబ్బు ఒక్క ఫోనుకు బ్యాంకు దాటిపోవడం చూసి జనానికి ఎన్నో అనుమానాలు కలిగాయి. 1977లో ప్రభుత్వం మారాక ఒక విచారణ సంఘాన్ని వేశారు. దానికి అధ్యక్షులు మన తెలుగువారే: ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా, ఆ తరువాత సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన పింగళి జగన్మోహనరెడ్డిగారు. ఆయన నివేదిక వచ్చిన తరువాత కూడా కొన్ని ప్రశ్నలు ప్రశ్నలుగానే మిగిలిపోయాయి. ఇందిరాగాంధీ 1980లో మన మెదక్ నియోజకవర్గం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. సంగారెడ్డి ప్రాంతపు ఆడవాళ్ళు ఎందరో ఓటు వేసి ఆవిడను గెలిపించినవాళ్ళే. దేశమంతా రేడియోలో విన్న గొంతు అది. అంత తెలిసిన గొంతును కూడా ఫోనులో పోల్చుకోలేకపోవడం జరుగుతుందని ఆ కేసు చూపించింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మల్హోత్రా చదువులేనివాడా? లోకం తెలియనివాడా? డబ్బు లెక్కపెట్టడమూ, సంతకాలు సరిచూడడమూ వృత్తిగా పెట్టుకున్న మనిషి. ఆయనకు లేనిది తెలివి కాదు. "మీరు నిజంగా ప్రధానమంత్రేనా? ఒక్క నిమిషం, నేనే తిరిగి ఫోను చేస్తాను" అనగల ధైర్యం లేకపోయింది. పెద్దల మాటకు ఎదురుచెప్పకూడదన్న అలవాటే ఆయనను పడగొట్టింది. ఆ అలవాటు మన ఆడవాళ్ళకు ఎవరు నేర్పకపోయారు చెప్పండి! పెద్దవాళ్ళు చెబితే తల వూపాలనీ, ఆఫీసరుతో ఎదురుమాట కూడదనీ చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాం. ఈనాటి మోసగాడు మన అమాయకత్వం కంటే ఈ వినయం మీదనే ఎక్కువ ఆశ పెట్టుకుంటాడు. అందుకే మోసపోయిన ఆడమనిషిని చూసి "అంత తెలివితక్కువగా ఎలా నమ్మావు?" అనకూడదు. ఆ మాటకు భయపడే ఎంతోమంది నోరు విప్పకుండా వుండిపోతారు. డబ్బు పోయిన బాధ ఒకటి, ఎవరికీ చెప్పుకోలేని బాధ దానికి రెట్టింపు.

ఆ తరువాతి కథ మనందరి కళ్ళముందు జరిగిందే. 1980ల చివరినుంచి వీధివీధినా పసుపుపచ్చ ఎస్.టి.డి. బూతులు వచ్చాయి. 1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీలోని మంత్రి సుఖ్‌రామ్‌తో మొదటి సెల్‌ఫోను సంభాషణ జరిపారు. 2016లో యు.పి.ఐ. వచ్చాక ఫోనే పర్సు కూడా అయింది. ఇది పెద్ద మార్పు. నగర్‌వాలాకు పెట్టె, కారు, కలుసుకునే చోటు, గుర్తుమాట ఇన్ని కావలసివచ్చాయి. ఇప్పుడు మనిషి కలవనక్కరలేదు, పెట్టె మోయనక్కరలేదు. మన చేతనే మన డబ్బును పంపించేయవచ్చు.

ఈ వీలు చూసుకుని 2010 తరువాత జార్ఖండ్‌లోని జామ్‌తారా అనే జిల్లా ఫోను మోసాలకు మారుపేరయింది. "మీ కార్డు ఆగిపోతుంది, నంబరు చెప్పండి, ఇప్పుడు వచ్చిన ఓ.టి.పి. చెప్పండి" అన్న పాట అక్కడినుంచే దేశమంతటా మోగింది. ఓ.టి.పి. చెప్పకూడదని జనం నేర్చుకునేసరికి వేషం మార్చారు. కొరియరు పార్సెలులో మీ పేర మత్తుమందులు దొరికాయన్నారు. మీ ఆధారు మీద ఎవరో దొంగ ఖాతా తెరిచారన్నారు. ఈ రాత్రికి మీ కరెంటు కట్ చేస్తామన్నారు. చివరకు వీడియోలో పోలీసు దుస్తులు వేసుకుని కూర్చుని, "మీరు డిజిటల్ అరెస్టులో వున్నారు, కెమెరా ముందునుంచి కదలవద్దు, ఇంట్లో ఎవరికీ చెప్పవద్దు" అనేదాకా వచ్చారు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ రేడియో ప్రసంగంలో కూడా ఈ విషయమే మాట్లాడి, ఆగండి, ఆలోచించండి, ఆ తరువాతే చర్య తీసుకోండి అని చెప్పవలసివచ్చింది. 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు ఇలాంటి కేసుల దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది.

ఇంకొక చేదు నిజం కూడా చెప్పాలి. అవతలి గొంతు ఒక్కొక్కసారి మన తెలుగు పిల్లవాడిదే కావచ్చు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు కొందరు ఏజెంట్లను పట్టుకున్నారు. కంప్యూటరు ఉద్యోగాలని చెప్పి మన కుర్రవాళ్ళను కంబోడియాకు పంపి, అక్కడ నిర్బంధించి, ఇండియాలోని జనానికే ఫోన్లు చేసి మోసగించే పని చేయించారని బయటపడింది. రాయబార కార్యాలయం సాయంతో కొందరు ఇల్లు చేరారు. 2025 మార్చిలో మయన్మారులోని ఇలాంటి స్థావరాలనుంచి విడిపించిన ఐదువందల మందికి పైగా భారతీయులను థాయ్‌లాండ్ మీదుగా విమానాల్లో తీసుకువచ్చారు. వాళ్ళలోనూ తెలుగువాళ్ళున్నారు. కనుక "విదేశంలో మంచి జీతం, వెంటనే బయలుదేరాలి" అని మీ అబ్బాయికి ఫోను వస్తే, అదీ ఈ మోసంలో భాగమే కావచ్చునని అనుమానించండి.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఎవరినైనా అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్ళకు తెలియజేయాలి, 24 గంటలలోగా మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం కూడా, అసాధారణ పరిస్థితులలో తప్ప ఆడవాళ్ళను సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరి అయితే మహిళా పోలీసు అధికారి మెజిస్ట్రేటు అనుమతి తీసుకుని చేయాలి. పోలీసు నోటీసులు వాట్సాప్‌లో ఇవ్వకూడదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. చూశారా! నిజమైన పోలీసు ఇంట్లోవాళ్ళకు చెప్పి తీరాలని చట్టం అంటుంది. దొంగ పోలీసు ఇంట్లోవాళ్ళకు చెప్పవద్దంటాడు. ఈ ఒక్క తేడా చాలు వాణ్ణి పట్టుకోవడానికి.

1971 నాటి ఆ ఫోనులో మూడు పోగులున్నాయి: పెద్ద పేరు, రహస్యం, తొందర. ఈనాటి ఏ దొంగ ఫోను విప్పి చూసినా ఈ మూడు పోగులే. మూడూ కలిసి వస్తే మాట పూర్తిగా వినే పని కూడా లేదు, పెట్టేయండి. పెట్టేయడం అమర్యాద కాదు. నిజమైన బ్యాంకువాళ్ళు కోపగించుకోరు.

పెట్టేసిన తరువాత మల్హోత్రా చివర చేసిన పని మీరు మొదటే చేయండి. అంటే, అసలు మనిషినే అడగండి. పాసుబుక్కు మీదా, కార్డు వెనకా వున్న నంబరుకు మీరే ఫోను చేయండి. ఫోనులో వాళ్ళు చెప్పిన నంబరుకు కాదు, వాళ్ళు పంపిన లింకు నొక్కీ కాదు. తెరమీద కనిపించే నంబరును, పేరును, ఫోటోను కూడా నమ్మవద్దు, అవన్నీ మార్చిపెట్టవచ్చు. యు.పి.ఐ. పిన్ను డబ్బు పంపడానికే గాని పుచ్చుకోవడానికి అక్కరలేదు. "మీకు డబ్బు వస్తుంది, పిన్ను కొట్టండి" అన్నారంటే మీ డబ్బు పోతున్నదని అర్థం. ఎవరో పంపిన యాప్‌ను ఫోనులో పెట్టుకోవద్దు.

ఈ రోజుల్లో కంప్యూటరు సాయంతో మన పిల్లల గొంతును అచ్చుగుద్దినట్టు పలికించవచ్చు. మారీచుడు మళ్ళీ పుట్టాడన్నమాట! "అమ్మా, యాక్సిడెంటయింది, డబ్బు పంపు" అని అబ్బాయి గొంతు వినిపిస్తే, ముందు పెట్టేసి అబ్బాయి నంబరుకే చేయండి. నగర్‌వాలా గుర్తుమాటను మోసానికి వాడుకున్నాడు. మనం రక్షణకు వాడుకుందాం. ఇంటిల్లిపాదీ కూర్చుని, బయటివాళ్ళకు తట్టని ఒక మాట అనుకోండి. చిన్నప్పటి ముద్దుపేరో, అమ్మమ్మగారింటి ఆవు పేరో. అది చెప్పలేని గొంతు మనవాళ్ళది కాదు.

అయినా పొరపాటున డబ్బు పోయిందనుకోండి. 1971లో డబ్బు తిరిగి దొరికిందంటే, మధ్యాహ్నం పోయిన డబ్బు సంగతి ఆ పూటే పోలీసులకు తెలియడం వల్లనే. ఇప్పుడు దానికోసం 1930 అనే నంబరుంది. 2021లో మరో నంబరుతో మొదలైన ఈ ఏర్పాటు మరుసటి ఏడు 1930గా మారింది. మీరు ఫోను చేయగానే మీ డబ్బు చేరిన ఖాతాను ఆపుచేయించే ప్రయత్నం చేస్తారు. దొంగలు దాన్ని ఖాతానుంచి ఖాతాకు దాటించేలోగా చెప్పగలిగితే దొరికే ఆశ వుంటుంది. తెలంగాణలో 2023 నుంచి సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఈ కేసులకోసమే ప్రత్యేకంగా పనిచేస్తున్నది. డబ్బు పోకపోయినా, వచ్చిన దొంగ ఫోను గురించి ప్రభుత్వపు సంచార్ సాథీలో వున్న చక్షు అనే విభాగానికి తెలియజేయవచ్చు. మీరు చెప్పిన నంబరు ఇంకొక ఇల్లాలి ఇంట్లో మోగకుండా ఆగవచ్చు.

మన పెద్దలు "నిదానమే ప్రధానం" అన్నారు. "ఆలస్యం అమృతం విషం" అని కూడా వాళ్ళే అన్నారు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు అనుకుంటాం గాని, ఫోను దగ్గర రెండూ నిజమే. డబ్బు పంపేముందు మొదటి సామెత, ఫిర్యాదు చేసేటప్పుడు రెండో సామెత. మోసగాడు వీటిని తారుమారు చేయాలని చూస్తాడు. పంపేటప్పుడు తొందరపెడతాడు, పోయాక సిగ్గుతో మన నోరు నొక్కేస్తాడు.

ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో అయినా, పటాన్‌చెరు కాలనీలో అయినా, హైదరాబాదు ఫ్లాటులో అయినా, పక్కింటి పిన్నిగారికీ, పనికి వచ్చే అమ్మాయికీ, పింఛను తీసుకునే మామగారికీ ఈ నాలుగు మాటలూ చెప్పండి. 1930 నంబరును ఫోనులో దాచుకోవడమే కాదు, వంటింటి క్యాలెండరు మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. ఈసారి ఫోను మోగి, అవతలి గొంతు ఎంత పెద్ద పేరు చెప్పినా సరే, "ఉండండి, నేనే కనుక్కుని చేస్తాను" అనండి. ఆ మాట అనే హక్కు మీకుంది.